కుక్కపిల్లల కడుపులో పాములు: ఇంటివైద్యం ఎంతవరకు?

ప్రశ్న: మాది కామారెడ్డి జిల్లా బిచ్కుంద. మా ఇంటి కుక్క నెలన్నర క్రితం అయిదు పిల్లలను పెట్టింది. ఇరవై రోజుల దాకా బాగానే ఉన్నాయి. ఆ తరువాత కడుపులు కుండల్లా ఉబ్బి, వెన్నెముకలు తేలాయి. ఒకటి సేమియాలాంటి తెల్లని పాములను కక్కుకుని మరునాడు చచ్చిపోయింది. మొన్న రెండోది కూడా పోయింది. మా మామగారు వేపాకు నూరి రసం పోయమంటున్నారు. పక్కింటి వదినగారు వెల్లుల్లి పెట్టమంటున్నారు. మా ఆడపడుచు బొప్పాయి గింజలు మంచివంటుంది. ఆముదం తాగిస్తే అన్నీ కొట్టుకుపోతాయని ఇంకొకరి సలహా. ఇంగ్లీషు మందులు ఇంత చిన్న పిల్లలకు వేడిచేస్తాయని నాకు భయం. మిగిలిన మూడింటిని ఇంటి మందుతోనే బతికించుకోవచ్చునా? ఇంకొక మాట. మా బాబుకు రెండేళ్ళు. పొద్దస్తమానం వాటితోనే ఆట. మట్టి కూడా నోట్లో పెట్టుకుంటాడు. వాడికేమైనా అంటుకుంటుందా?

– పేరు ప్రచురించవద్దన్న ఒక సోదరి, బిచ్కుంద

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే మూడు పిల్లలనూ, వాటి తల్లినీ కూడా పశువైద్యశాలకు తీసుకువెళ్ళమని మీకు విడిగా జవాబు రాశాము. ఇటువంటి విషయంలో వారపత్రిక అచ్చయ్యేదాకా ఆగరాదు. ఇక్కడ రాస్తున్నది మీతోపాటు కుక్కను పెంచుకుంటున్న ప్రతి ఇంటికీ పనికివస్తుందని.

మీ రెండు ప్రశ్నలకూ ముందుగా రెండు ముక్కల్లో జవాబు చెబుతాను. కడుపులో ఉన్న పాములను చంపడానికి వంటింటి మందులను నమ్ముకోవద్దు. నెలన్నర పిల్లకు అంత వ్యవధి ఉండదు. బాబుకు అంటుకునే అవకాశం ఉంది కాని, దానిని ఆపడం పూర్తిగా మీ చేతిలో ఉన్న పని. అసలైన ఇంటివైద్యం అక్కడే ఉంది. ఎలాగో వివరంగా చెబుతాను.

పాలు తాగే పిల్లకు పాములెక్కడివి?

చాలామంది అడిగే మాట ఇదే. "ఇంకా అన్నం ముట్టలేదు, బయటికి పోలేదు, దీనికి పాములెలా వచ్చాయి?" అని. తల్లి నుంచి వచ్చాయి. కుక్కలలో ఉండే ఏలికపాముకు ఒక చిత్రమైన గుణం ఉంది. పెద్ద కుక్క దాని గుడ్లను మింగినప్పుడు పిల్లపురుగులు అన్నీ పేగులోనే పెరగవు. చాలా భాగం కండల్లోకి చేరి నిద్రపోయినట్టు పడి ఉంటాయి. కుక్క చూలుతో ఉన్నప్పుడు, చివరి రోజుల్లో అవి మేల్కొని మాయ గుండా గర్భంలోని పిల్లల్లోకి ప్రవేశిస్తాయి. పుట్టిన తరువాత పాల ద్వారా మరికొన్ని పోతాయి. అందుకే తల్లి చూడడానికి పుష్టిగా ఉన్నా, దాని మలంలో ఏమీ కనిపించకపోయినా, పిల్లలు పాములతోనే పుడతాయి.

ఆ పిల్లపురుగులు కాలేయం, ఊపిరితిత్తుల మీదుగా ప్రయాణం చేసి, గొంతులోకి వచ్చి, మళ్ళీ మింగబడి పేగుకు చేరి పెద్దవవుతాయి. పిల్లలకు మూడు వారాలు దాటేసరికి పాములు గుడ్లు పెట్టడం మొదలవుతుంది. మీ పిల్లలు ఇరవై రోజుల దాకా బాగుండి ఆ తరువాత కుంగిపోవడానికి కారణం ఇదే. ఒక్కొక్క ఆడపాము రోజుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లన్నీ మలంతో మీ పెరట్లోకే వస్తాయి. ఈ మాట గుర్తుంచుకోండి. బాబు సంగతి చెప్పేటప్పుడు మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఏ పురుగుకు ఏ లక్షణం?

అన్ని పురుగులూ ఒకటి కావు. సేమియాలా పొడుగ్గా, తెల్లగా, చుట్టలు చుట్టుకుని పడేవి ఏలికపాములు. పొట్ట ఉబ్బడం, ఎదగకపోవడం, వెంట్రుకలు గరుకెక్కడం, వాంతులు, దగ్గు వీటి గుర్తులు.

కొంకిపురుగులు కంటికి దాదాపు కనిపించవు. సెంటీమీటరు, సెంటీమీటరున్నర పొడవుండి పేగు గోడను కరచుకుని రక్తం తాగుతాయి. తారులాంటి నల్లని విరేచనం, పాలిపోయిన చిగుళ్ళు, నీరసం వీటి గుర్తులు. ఇవి కూడా పాల ద్వారా పిల్లలకు వస్తాయి. పిల్ల పెదవి ఎత్తి చిగురు చూడండి. గులాబిరంగులో ఉంటే ఫరవాలేదు. తెల్లకాగితంలా ఉంటే అది గంటల్లో తేలవలసిన ప్రమాదం. ఆ పూటే దవాఖానకు తీసుకుపోవాలి.

మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి, దోసగింజల్లాంటివి అంటుకుని కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు. కుక్క వెనకభాగాన్ని నేలకు రాస్తూ జరుగుతుంటుంది. వెంట్రుకల్లో గెంతుతూ తిరిగే చిన్న పురుగులను (పిడుదులు కావు, వాటికంటే చిన్నవి) కొరికి మింగడం వల్ల ఈ బద్దెపురుగు వస్తుంది. కనుక ఆ గెంతే పురుగులను వదిలించకుండా ఎన్ని మందులు పోసినా నెల తిరిగేసరికి మళ్ళీ గింజలు కనబడతాయి.

వంటింటి మందుల సంగతి

ఇక మీ ఇంటిల్లిపాదీ, చుట్టుపక్కలవారూ చెప్పిన మందులను ఒక్కొక్కటిగా చూద్దాము.

వేపాకు: చేదు గనుక పురుగు చస్తుందని మన నమ్మకం. కడుపులోని పాము చేదును చూసి పారిపోయేది కాదు. మోతాదుగా ఇస్తే కుక్క కడుపులోని పురుగులు పోతాయని రుజువు లేదు. పైగా నెలన్నర పిల్లకు బలవంతంగా రసం పోస్తే, అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది.

వెల్లుల్లి: దీనిని గట్టిగా వద్దంటున్నాను. మనకు మంచిదే కాని, ఉల్లి, వెల్లుల్లి రెండూ కుక్కల రక్తానికి పడవు. వాటిలోని గంధకపు పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. జపానులో జరిపి 2000లో ప్రచురించిన ఒక పరీక్షలో, కిలో బరువుకు 5 గ్రాముల వెల్లుల్లికి సమానమైన రసాన్ని కుక్కలకు వారంరోజులు ఇస్తే, రక్తకణాలు దెబ్బతిని వాటి సంఖ్య తగ్గింది. అవి ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కలు. మీ పిల్ల రెండు కిలోలుంటుంది. కొంకిపురుగు ఒకవైపు రక్తం తాగుతుంటే, మనం మరొకవైపు వెల్లుల్లితో మిగిలిన రక్తాన్ని విరగ్గొడితే ఏమవుతుంది? నా ఉద్యోగపు తొలిరోజుల్లో ఇలాగే నాలుగు రోజులు వెల్లుల్లి ముద్ద తిన్న పిల్లను సంచిలో వేసుకుని తెచ్చారు. చిగుళ్ళు సున్నంలా ఉన్నాయి. రక్తమెక్కించే వసతి అప్పుడక్కడ లేదు. సాయంత్రానికి పోయింది. ప్రేమతో పెట్టిన మందే దాని ప్రాణం మీదికి వచ్చింది.

బొప్పాయి గింజలు: దీనిలో కొంత విషయం ఉంది. 2007లో నైజీరియాలో 60 మంది పిల్లల మీద జరిపిన చిన్న పరీక్షలో, ఎండిన బొప్పాయి గింజల పొడిని తేనెతో ఇస్తే దాదాపు మూడొంతుల మందికి మలంలో పురుగుల గుడ్లు కనబడకుండా పోయాయి. అయితే ఆ పరీక్ష మనుషుల మీద జరిగింది, మనుషుల పురుగుల మీద జరిగింది. ఆ లెక్కను కుక్కపిల్లకు దించుకోవడానికి లేదు. గుమ్మడిగింజల సంగతీ ఇంతే. పెద్ద కుక్క అన్నంలో కాసిని కలిపి పెడితే నష్టం లేదు. అదే మందు అనుకుని అసలు మందు మానేస్తే నష్టం.

ఆముదం: ఇది విరేచనకారి, పురుగుల మందు కాదు. పాము పేగును పట్టుకుని ఉండగా విరేచనాలైతే, పోయేది పాములు కాదు, పిల్ల ఒంట్లోని నీరు. పిల్ల కుక్క ఒక్కరోజు విరేచనాలకే వాడిపోతుంది.

పొగాకు నీళ్ళు, కిరసనాయిలు, మైలతుత్తం, కర్పూరం, గుప్పెడు ఉప్పు: వీటిలో ప్రతి ఒక్కటీ విషమే. పొగాకులోని నికోటిన్ చిన్న మోతాదులోనే గుండెను ఆపగలదు. ముష్టిగింజ పేరు కూడా ఎత్తవద్దు. పిచ్చికుక్కలను చంపడానికి వాడిన విషం అందులోదే.

పసుపు, పెరుగు, కొబ్బరి, క్యారెట్టు: ఇవి తిండి. తిండిగా పెట్టండి. మందు అని మాత్రం పేరు పెట్టకండి.

"కాని మా తాతగారు ఇస్తే పాములు పడ్డాయే!"

ఈ మాట అనేవారు అబద్ధం చెప్పడం లేదు. వేపరసం ఇచ్చిన మూడోరోజున నాలుగు పాములు పడి ఉండవచ్చు. కాని పాముల బరువు ఎక్కువైనప్పుడు మందేమీ ఇవ్వకపోయినా కొన్ని వాంతిలో, మలంలో వాటంతట అవే పడతాయి. పడ్డవి నాలుగు, ఉన్నవి నలభై కావచ్చు. ఇంకొకటి. కుక్క ఆరునెలల వయసు దాటేసరికి ఏలికపాములను తట్టుకునే శక్తి దానికి సహజంగానే వస్తుంది. ఆ వయసుకు చేరినవాటిని చూసి "ఆకుపసరుతో బాగయింది" అనుకుంటాము. చేరకుండా పోయినవాటిని లెక్కపెట్టము. మీ ఇంట్లో ఆ లెక్క ఇప్పటికే రెండయింది.

బద్దెపురుగు విషయంలో మోసం మరీ ఎక్కువ. మూరెడు పొడవున ముక్కలు పడితే పని అయిపోయిందనుకుంటాము. తల పేగుకు అంటుకుని ఉంటే, కొన్ని వారాల్లో మళ్ళీ అంత పొడవూ పెరుగుతుంది.

మోదుగ, వక్క: పెద్దలకు తెలిసిన నిజాలు

నేను మన పాతవైద్యాన్ని తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. ఫాల్గుణమాసంలో తెలంగాణ అడవంచులన్నీ ఎర్రగా పూసే మోదుగ చెట్టు మీకు తెలిసినదే. మనం విస్తళ్ళు కుట్టుకునే చెట్టు అది. దాని గింజను ఆయుర్వేదం పలాశబీజం పేరిట క్రిమిరోగాలకు వాడింది. వాయువిడంగాలను కూడా అందుకే వాడింది. మోదుగగింజలో పలసోనిన్ అనే పదార్థం ఉన్నదనీ, పురుగుల మీద అది పనిచేస్తుందనీ తరువాతి పరిశోధనల్లో తేలింది. అయితే అది చర్మాన్ని బొబ్బలెక్కించే కాంథరిడిన్ అనే విషానికి దగ్గర చుట్టం. గింజ గింజకూ దాని పాళ్ళు మారుతుంటాయి. నూరి పోసే చేతికి ఆ లెక్క తెలియదు.

వక్క కథ ఇంకా గొప్పది. వక్కలోని అరెకోలిన్ బద్దెపురుగును స్తంభింపజేసి బయటకు తోస్తుంది. మన తాంబూలపు పళ్ళెంలోని వస్తువు నుంచి తీసిన ఈ మందును న్యూజిలాండ్ దేశం దశాబ్దాల తరబడి తన గొర్రెలకాపరుల కుక్కలకు పోయించింది. ఎందుకు పోయించిందో తరువాత చెబుతాను. కాని దానితో కుక్కలు నురగలు కక్కేవి, విపరీతంగా విరేచనాలయ్యేవి, మోతాదు కాస్త మించితే మూర్ఛపోయేవి. 1970ల దశకంలో ప్రాజిక్వాంటెల్ అనే మందు వచ్చాక అరెకోలిన్‌ను పక్కన పెట్టారు. అంటే వక్క పనిచేయలేదని కాదు. అదే పనిని ప్రమాదం లేకుండా చేసే మందు దొరికింది.

చరకసంహిత విమానస్థానంలో క్రిములకు మూడు విధాల చికిత్స చెప్పారు. మొదటిది అపకర్షణం, అంటే ఉన్న క్రిములను బయటకు లాగివేయడం. రెండవది ప్రకృతివిఘాతం, అవి పెరిగే పరిస్థితిని చెడగొట్టడం. మూడవది నిదానపరివర్జనం, అవి వచ్చే కారణాన్నే దూరం చేయడం. మనం చేదు కషాయాలను మాత్రం గుర్తుపెట్టుకుని మూడవదానిని మరచిపోయాము. నా సలహా ఇదే. మొదటి రెండు పనులూ నేటి మాత్రకు వదిలిపెట్టండి. మూడవదానిని ఇల్లాలు తన చేతిలోకి తీసుకోవాలి. దానిని మాత్ర చేయలేదు.

మందు ఇచ్చే పద్ధతి

ఏలికపాములకు, కొంకిపురుగులకు పైరంటెల్ గాని, ఫెన్‌బెండజోల్ గాని ఇస్తారు. రెండు వారాల పిల్లకు కూడా ఇవి ఇవ్వవచ్చు. "వేడి" అన్న భయం అవసరం లేదు. ఫెన్‌బెండజోల్ మోతాదు కిలో బరువుకు రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడురోజులు. రెండు కిలోల పిల్లకు రోజుకు 100 మిల్లీగ్రాములన్నమాట. బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్ వేరుగా ఇవ్వాలి.

బరువు కంటితో అంచనా వేయవద్దు. కిరాణా దుకాణం తక్కెడలో సంచిలో పెట్టి తూచండి. లేదా పిల్లను ఎత్తుకుని బరువు చూసే యంత్రమెక్కి, మీ బరువు తీసివేయండి.

పిల్లలకు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాల వయసులో మందు పడాలి. తరువాత ఆరునెలలు నిండేదాకా నెలకొకసారి. ఆ పైన మూడునెలలకొకసారి. ఇన్నిసార్లెందుకంటే, మందు పేగులో ఉన్న పాములనే చంపుతుంది. ఊపిరితిత్తుల దారిలో ఉన్నవి రెండువారాల తరువాత పేగుకు చేరతాయి. వాటి కోసం రెండో మోతాదు. తల్లికి కూడా పిల్లలతోపాటే ఇవ్వాలి. పిల్లల మలాన్ని నాకేది తల్లే గనుక దానికి మళ్ళీ అంటుకుంటుంది.

మూడు హెచ్చరికలు. ఒకటి, పిల్లల బడిలో ఇచ్చిన ఆల్బెండజోల్ మాత్ర మిగిలిందని కుక్కకు వేయవద్దు. అది కుక్కల ఎముకమజ్జను దెబ్బతీయవచ్చు. రెండు, గొర్రెలకు వేయగా మిగిలిన ఐవర్‌మెక్టిన్ సూదిని కుక్కకు పొడవవద్దు. కొన్ని జాతుల కుక్కలకు అది ప్రాణాంతకం. మూడు, బాగా నీరసించిన పిల్లకు ఇంట్లో మందు వేయవద్దు. ఒక్కసారిగా చచ్చిన పాములు ఉండకట్టి పేగుకు అడ్డుపడవచ్చు. దానిని వైద్యుని కళ్ళముందే చేయాలి.

మీ వంటింటికి పని లేదని కాదు. మందు పడిన పిల్లను నిలబెట్టేది వంటిల్లే. వెచ్చని గోనెసంచి పరుపు, కొద్దికొద్దిగా పలచని రాగిజావ, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు పెట్టండి. విరేచనాలవుతుంటే ఓఆర్ఎస్ నీళ్ళు చెంచాతో, పిల్ల తనంత తాను నాకేలా ఇవ్వండి. రక్తం పోయిన పిల్లకు ఉడికించిన కార్జం ముక్క మంచి బలం. ఉడికించిన అన్న మాటను మరచిపోవద్దు.

ఇక బాబు సంగతి

ముందుగా ఒక ఊరట. బాబుకు సాధారణంగా వచ్చే ఏలికపాములు, నులిపురుగులు కుక్క నుంచి రావు. అవి మనుషుల నుంచి మనుషులకే వస్తాయి. కుక్క ఏలికపాము మనిషి పేగులో పాముగా పెరగదు. చిక్కు ఏమిటంటే, దాని గుడ్డు బాబు నోట్లోకి పోతే, పొదిగిన పిల్లపురుగు దారి తెలియక కాలేయంలోనో, ఊపిరితిత్తుల్లోనో, అరుదుగా కంటిలోనో తిరుగుతుంది. 1950లో హెలెనార్ వైల్డర్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు, పిల్లలకు జబ్బుచేసి తీసివేసిన కళ్ళను సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తే వాటిలో చాలావాటిలో ఇటువంటి పిల్లపురుగుల ఆనవాళ్ళు కనిపించాయి. వాటిలో క్యాన్సరని అనుమానించి తీసినవి కూడా ఉన్నాయి. 1952లో పాల్ బీవర్, ఆయన తోటివారూ కుక్క ఏలికపాము వల్ల పిల్లలకు వచ్చే ఈ జబ్బును గుర్తించి వర్ణించారు.

భయపడవద్దు. అంటుకున్న పిల్లల్లో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. అయితే విడవని జ్వరం, దగ్గు, పిల్లికూతలు, కడుపునొప్పి ఉన్నా, ఒక కన్ను మెల్లగా మారినా, చూపు తగ్గినట్టనిపించినా, కంటిపాప తెల్లగా మెరిసినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. "మా ఇంట్లో పాములున్న కుక్కపిల్లలున్నాయి" అని మీరే చెప్పండి. ఆ ఒక్కమాటతో వైద్యుని ఆలోచన సరైన దారిలో పడుతుంది. 2015 నుంచి మన దేశంలో జరుపుతున్న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం నాటి మాత్రను అంగన్‌వాడీలో తప్పక వేయించండి. కాని అది మనుషుల పురుగుల కోసం. కుక్క పాము నుంచి అదొక్కటే రక్ష అనుకోవద్దు.

ఇప్పుడు మళ్ళీ పెరటి దగ్గరికి వద్దాము. కుక్క మలంతో పడిన ఏలికపాము గుడ్డు ఆ రోజే ప్రమాదకరం కాదు. తడిమట్టిలో, నీడలో రెండు నుంచి నాలుగు వారాలు ఉంటేనే దానిలో పిల్లపురుగు తయారవుతుంది. తయారైన గుడ్డు మట్టిలో ఏళ్ళతరబడి బతుకుతుంది. ఫినాయిలు, డెట్టాలు దాని పెంకును ఏమీ చేయలేవు. కొంకిపురుగు ఇంకా తొందరపడుతుంది. వారంరోజుల్లోనే దాని పిల్లపురుగులు తయారై చెప్పులు లేని కాలి చర్మంలోంచి దూరి, ఎర్రని వంకరగీతలా దురదపుట్టిస్తూ పాకుతాయి. కనుక మలం పడిననాడే తీసివేసే ఇంట్లో ఈ రెండూ ఓడిపోతాయి. ఏ ఆకుపసరుకూ లేని శక్తి ఆ పారకు ఉంది.

మీరు చేయవలసినవి ఇవి. కుక్కలు విసర్జించినదాన్ని రోజూ పొద్దున్నే పారతో ఎత్తి, కూరపాదులకు దూరంగా, లోతుగుంటలో వేసి మట్టికప్పండి. ఎరువుగా వాడవద్దు. పిల్లలు పడుకునే చోట పైమట్టిని అంగుళం లోతున చెక్కి తీసివేసి, గచ్చయితే సలసల కాగిన నీళ్ళు పోయండి. గుడ్డును చంపేది ఆ వేడే. ఆ జాగాకు ఎండ తగిలేలా చేయండి. వానాకాలంలో నల్లరేగడి తడి తొందరగా ఆరదు గనుక, పిల్లలను ఎత్తుగా ఉన్న బండ మీద ఉంచండి. ఇసుక కుప్ప ఉంటే కప్పిపెట్టండి. బాబు చేతిగోళ్ళు కత్తిరించి, తినేముందు సబ్బుతో చేతులు కడగండి. పెరట్లో చెప్పులు వేయండి. బాబును కుక్కపిల్లల నుంచి ఎప్పటికీ విడదీయనక్కరలేదు. పిల్లలకు రెండు మోతాదులు పడి, నేల శుభ్రమయ్యేదాకా దూరంగా ఉంచితే చాలు.

యాట కార్జం, కుక్క, మనిషి

పైన న్యూజిలాండ్ సంగతి చెబుతానన్నాను. కుక్క పేగులో సెంటీమీటరు కూడా ఉండని ఒక చిన్న బద్దెపురుగు ఉంటుంది. దాని గుడ్లు గొర్రె మేతలో కలిస్తే గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు పెరుగుతాయి. మనిషి నోట్లోకి పోతే మనిషి కాలేయంలో అవే తిత్తులు ఏళ్ళతరబడి నిశ్శబ్దంగా పెరిగి, కడకు ఆపరేషను దాకా తెస్తాయి. ఆ తిత్తులున్న పచ్చి కార్జాన్ని కుక్కకు విసిరితే చక్రం మళ్ళీ మొదలవుతుంది.

దసరాకు, బోనాలకు, పెళ్ళిళ్ళకు యాటను కోసినప్పుడు మనం చేసే పని అదే. నీటిబుడగలున్న ముక్కను "బాగాలేదు" అని పక్కనున్న కుక్కకు వేస్తాము. న్యూజిలాండ్ 1959లో దీనికోసమే చట్టం చేసి, పచ్చి పేగులు, కార్జాలు కుక్కలకు వేయకుండా కట్టడి చేసి, కుక్కలన్నిటికీ మందు పోయించి, 2002 నాటికి ఆ జబ్బును దేశం నుంచి దాదాపు తుడిచిపెట్టింది. బిచ్కుందలో మనం చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. బుడగలున్న ముక్కను కాల్చివేయండి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పాతిపెట్టండి. కుక్కకు పెట్టే మాంసం ఏదైనా అరగంటకు తక్కువ కాకుండా ఉడికించి పెట్టండి.

మరికొన్ని ఉత్తరాలకు క్లుప్తంగా

బాన్సువాడ నుంచి ఒక పాఠకుడు: మలం పరీక్ష చేయించాలంటే ఎలా తీసుకుపోవాలి?

ఉదయం తాజాగా పడినదాన్ని పుల్లతో ఒక చెంచాడు తీసి, మూతగల చిన్న డబ్బాలో పెట్టి ఆ పూటే ఇవ్వండి. నేలకంటిన మట్టి రాకూడదు. నెలన్నర లోపు పిల్లలకు మాత్రం పరీక్ష ఫలితం కోసం ఆగవద్దు. పాములున్నాయనే అనుకుని మందు వేయాలి.

గుంటూరు నుంచి ఒక గృహిణి: మా కుక్క చూలుతో ఉంది. పుట్టే పిల్లలకు రాకుండా ముందే మందు ఇవ్వవచ్చునా?

ఇవ్వవచ్చు. చూలు నిలిచిన 40వ రోజు నుంచి ఈనిన 14వ రోజు వరకు రోజూ ఫెన్‌బెండజోల్ ఇచ్చే పద్ధతి ఉంది. అది పిల్లలకు పోయే పురుగులను చాలావరకు తగ్గిస్తుంది. మీ పశువైద్యుని పర్యవేక్షణలోనే చేయండి.

షోలాపూర్ నుంచి ఒక తెలుగు విద్యార్థి: బెల్లం, తీపి పెడితే కుక్కకు పాములు పుడతాయంటారు, నిజమేనా?

నిజం కాదు. పాము గుడ్డు నుంచి పుడుతుంది, బెల్లం నుంచి కాదు. అయినా తీపి కుక్క పళ్ళకు మంచిది కాదు, మానేయండి.

బిచ్కుంద సోదరికి చివరిమాట. మూడు పిల్లలకూ రెండో మోతాదు పడే రోజును మీ ఇంటి గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. మూడునెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి టీకా కూడా వేయించండి. మీ మామగారితో ఇలా చెప్పండి: "వేపచెట్టును కొట్టేయమని డాక్టరుగారు అనలేదు. దాని ఎండుటాకులను పెరట్లోంచి రోజూ ఊడ్చేటప్పుడు, ఆ చీపురుతోపాటు పారను కూడా పట్టుకోమన్నారు" అని. పెద్దవారు నవ్వుకుని ఒప్పుకుంటారు.